ఆడవేషం కట్టే నాటకాలాయన్ని అందరూ అడిగేవి: తరచుగా అడిగే ప్రశ్నలు

నేను తిరుపతిలో జాకెట్లు కుట్టే టైలర్‌ని. రాత్రిళ్లు నాటకాలు రాస్తాను. వాటిలో ఆడవేషాలు చాలావరకు నేనే కడతాను. నాటకం అయ్యాక, మేం చాపలు చుట్టే టైమ్‌లో, నలుగురైదుగురు వెనక ఉండిపోయి ప్రశ్నలు అడుగుతారు. ముప్పై ఐదేళ్లలో అడిగేవాళ్లు మారారు గానీ ప్రశ్నలు పెద్దగా మారలేదు. ప్రతిసారీ చెప్పి చెప్పి గొంతు పోతోంది, పైగా ముఖాన రంగు ఆరిపోయి చర్మం పట్టేస్తుంటుంది. అందుకని ఒకసారి కూర్చుని రాసేశాను.

అన్నా, ఒకటి అడగొచ్చా? మీరు...

అర్థమైంది. మగవాణ్ణి. పెళ్లయింది, ఇద్దరు పిల్లలు. చీర కట్టుకుని తెర ముందుకి వచ్చినప్పుడు ఆడమనిషిని. చీర మడిచి ట్రంకు పెట్టెలో పెట్టాక మళ్లీ టైలర్‌ని.

అయితే ఇది నా సంగతి. చీర కట్టే ప్రతివాడి సంగతీ ఇదే అనుకోవద్దు. మా గుంపులో మేం ఐదుగురం. అందులో ఒకామె ట్రాన్స్‌జెండర్. ఆమెకు చీర వేషం కాదు, అది రోజూ కట్టుకునే బట్ట. మా నాటకంలో ఆమె దుర్యోధనుడు. గుబురు మీసం అంటించుకుని, గద భుజాన వేసుకుని వస్తుంది. ఆ మీసం ఆమెకు వేషం. తను ఆడో మగో చెప్పుకునే హక్కు మనిషికే ఉందని 2014 ఏప్రిల్ 15న సుప్రీంకోర్టు తీర్పు ఇచ్చింది. ఆమె ఆ తేదీని పుట్టినరోజులా గుర్తుపెట్టుకుంటుంది. ఆ రోజు మా అందరికీ టీ ఆమె ఖర్చే.

ఈ వేషం పిచ్చి ఎట్లా పట్టుకుంది?

మాది పుత్తూరు దగ్గర పల్లె. 2022లో జిల్లాలు విడదీశాక అది తిరుపతి జిల్లాలోకి వచ్చింది గానీ, నేను ఇప్పటికీ చిత్తూరు జిల్లావాణ్ణనే చెప్పుకుంటా. నోటికి అదే వస్తుంది.

మా వైపు ద్రౌపదమ్మ గుళ్లు, ధర్మరాజుల గుళ్లు ఎక్కువ. ఎండాకాలంలో అక్కడ భారతం జరుగుతుంది. చాలా ఊళ్లలో 18 రోజులు. మధ్యాహ్నం హరికథ, రాత్రి వీధినాటకం. పగలు ఏ ఘట్టం చెప్తే రాత్రికి అదే ఆడతారు. అర్జునుడు తపస్సు మాను ఎక్కే రోజు చుట్టుపక్కల ఊళ్లన్నీ కదిలొస్తాయి. పిల్లల్లేని ఆడవాళ్లు తడిబట్టలతో మాను చుట్టూ పడుకుంటారు. పైనుంచి అర్జునుడు విసిరే నిమ్మకాయ కొంగులో పడాలని వాళ్ల ఆశ. చివర్లో మట్టితో చేసిన పెద్ద దుర్యోధనుడి బొమ్మ దగ్గర వధ, ఆ సాయంత్రం అగ్నిగుండం.

నాకు పదిహేడేళ్లప్పుడు, వస్త్రాపహరణం రోజు, ద్రౌపది వేషం వేసే ఆయనకు జ్వరం వచ్చింది. ఆయన పాటలన్నీ నాకు నోటికొచ్చని మేళం పెద్దకు ఎవరో చెప్పారు. నిజంగానే వచ్చు. మేకలు కాసేటప్పుడు పాడుకునేవాణ్ణి. మధ్యాహ్నం కబురు, రాత్రికి వేషం. అప్పటికి నాకు మీసం మొలిచి ఏడాది కూడా కాలేదు, దాన్ని తీయడానికి నేను ఏడ్చినంత పని చేశాను. మా అవ్వ పక్కన నిలబడి, "పోతే పోనీలేరా నాయనా, మీసం మల్లా వొస్తాది. ఆయమ్మ వేసం మల్లా రాదు" అనింది.

ఆరు చీరలు కొసకు కొస ముడేసి నాకు చుట్టారు. దుశ్శాసనుడు లాగుతుంటే నేను తిరగాలి. నాలుగో ముడి నడుము దగ్గర ఇరుక్కుంది. ఆయన లాగుతాడు, అది రాదు. నాకు టెన్షన్‌తో పాట మరిచిపోయి, పాటలో లేని "కృష్ణా" ఒకటి గట్టిగా అరిచాను. జనంలో ఆడవాళ్లు ఒక్కసారిగా ఏడ్చారు. హార్మోనియం ఆయన తెలివైనవాడు, ఆ అరుపు శ్రుతి పట్టుకుని ముడి ఊడేదాకా అదే వాయించాడు. తెల్లవారుజామున ముసలమ్మలు వచ్చి నాకు హారతి ఇచ్చి, నా కాళ్లకు పసుపు రాశారు.

పొద్దున ఎనిమిదింటికి అదే ఊళ్లో టీ అంగడికి పోయాను. రాత్రి దణ్ణం పెట్టిన ఒకాయన కొడుకు నన్ను చూసి ఈల వేశాడు. "ఏం ద్రౌపదీ, చీర యాడ పెట్నావు?" అన్నాడు. కాళ్లకు ఇంకా పసుపు ఉంది. నేను రాసిన నాటకాలన్నీ ఆ టీ అంగడి దగ్గర నుంచి వచ్చినవే.

తిరుపతి గంగజాతరలో మగవాళ్లు చీరలెందుకు కడతారు?

ఎక్కువమంది అడిగేది ఇదే. 2024 చివర్లో, ఈ జాతర సీను ఉన్న ఆ పెద్ద సినిమా 'పుష్ప 2' వచ్చాక మరీ ఎక్కువైంది. ఇప్పుడు జాతరకు వచ్చే కుర్రాళ్లలో సగం మంది నీలం రంగు పూసుకుని, ఆ హీరో స్టైల్లో భుజం ఎత్తుకుని ఫోటోలు దిగుతున్నారు. తప్పనను, గంగమ్మ అందరి వేషాన్నీ తీసుకుంటుంది. కాకపోతే కథ కొంచెం తెలుసుకుని దిగితే బాగుంటుంది.

కథ ఇది. ఊరిని ఏలే పాలెగాడు ఒకడు, కంటికి కనిపించిన ఆడపిల్లనల్లా చెరిచేవాడు. అవిలాలలో పుట్టి కైకాల వాళ్లింట్లో పెరిగిన గంగమ్మ మీద కూడా కన్నేశాడు. చెయ్యి పట్టబోతే ఆమె విశ్వరూపం చూపించింది. వాడు పారిపోయి దాక్కున్నాడు. వాణ్ణి వెతకడానికి ఆమె రోజుకో వేషం వేసుకుంది. నాలుగో రోజు దొర వేషంలో వస్తే, తన దొరే వచ్చాడనుకుని వాడు బయటికి వచ్చాడు. అక్కడికక్కడ తల నరికింది.

గమనించండి, దొర వేషంలో వచ్చింది ఆడది. అంటే ఈ జాతరలో మొదట వేషం మార్చింది ఆమే, ఆడదై మగవేషం కట్టింది. మగవాళ్లం చీర కట్టడం ఆమె చేసినదానికి జవాబు లాంటిదని నా లెక్క. ఇంకొకరు ఇంకోలా చెప్పొచ్చు.

జాతర మే నెలలో వస్తుంది. మంగళవారం రాత్రి చాటింపు. చాటింపు అయ్యాక జాతర ముగిసేదాకా ఊరివాళ్లు పొలిమేర దాటకూడదంటారు. బుధవారం బైరాగి వేషం, ఒళ్లంతా తెల్ల సుద్ద. గురువారం బండ వేషం, కుంకుమ. శుక్రవారం తోటి వేషం, బొగ్గుపొడి. బండ, తోటి వేషాల్లో ఉన్నవాళ్లు నోటికొచ్చిన బూతులు తిడతారు, తిట్టించుకున్నవాళ్లు నవ్వుకుంటూ పోతారు. శనివారం చందనం పూసుకుని దొర. ఆదివారం మాతంగి. తల తెగిన పాలెగాడి భార్యను ఓదార్చడానికి అమ్మ ఆ రూపంలో వచ్చిందని మా వీధిలో చెప్పుకుంటారు. నాకు ఈ జాతర మొత్తంలో ఇష్టమైన ముక్క అదే. మొగుణ్ణి చంపింది, మళ్లీ ఆ ఇంటికే పోయి ఆమె పక్కన కూర్చుంది. సోమవారం సున్నపుకుండల వేషం, మంగళవారం జాతర, బుధవారం తెల్లవారుజామున విశ్వరూపం.

చీరలు ఆదివారం నుంచి బాగా కనబడతాయి. ఎక్కువగా మొక్కులు. చిన్నప్పుడు పిల్లాడికి జబ్బు చేస్తే తల్లి మొక్కుకుంటుంది, వాడు పెద్దయ్యాక కూడా తీరుస్తుంటాడు. చీర ఇంట్లో ఆడవాళ్లదే. కట్టేదీ వాళ్లే. మా వీధిలో ఒక ఆటో డ్రైవర్ ఉన్నాడు, ఏడాది పొడుగునా భార్య మీద అరుస్తూనే ఉంటాడు. జాతర మంగళవారం మాత్రం ఆమె చేతిలో పిన్నీసులు పట్టుకుని, "కదలొద్దు, ఊపిరి బిగబట్టు" అంటుంటే చిన్నపిల్లాడిలా నిలబడతాడు. ఆ పది నిమిషాలు చూడటానికే నేను షాపు ఆలస్యంగా తీస్తా.

అమ్మవారికి మొక్కు అంటే సరే. మీ నాటకాల్లో దేవుళ్లకు చీర కట్టడం తప్పు కదా?

ఈ ప్రశ్న తిరుపతిలోనే అడగడం నాకు ఆశ్చర్యం. కొండ మీద బ్రహ్మోత్సవాల్లో ఐదో రోజు పొద్దున స్వామివారు మోహినీ రూపంలో పల్లకిలో ఊరేగుతారు. అద్దం, జడ, నగలు, అన్నీ ఉంటాయి. పక్కన ఇంకో పల్లకిలో కృష్ణుడు. అదే రోజు రాత్రి గరుడసేవ. లక్షల మంది గరుడసేవ కోసం పొద్దుటి నుంచే గ్యాలరీల్లో కూర్చుంటారు కాబట్టి, వాళ్లలో చాలామంది మోహినిని కూడా చూసే ఉంటారు. చూసి దణ్ణం పెట్టుకునే ఉంటారు.

గంగమ్మకు కొండ మీది నుంచి సారె వస్తుంది, ఆమె స్వామికి చెల్లెలు కాబట్టి. అన్న మోహిని, చెల్లెలు దొర. నేను కొత్తగా చేసిన పాపం ఏముంది?

అండర్‌గ్రౌండ్ నాటకం అంటే ఏంటి? నక్సలైట్లదా?

కాదు. పోస్టర్ ఉండదు, టికెట్ ఉండదు, మైకు ఉండదు. మేడల మీద, సీజన్ అయిపోయాక ఖాళీగా ఉన్న మామిడి షెడ్లలో, ఒకసారి కట్టుబడి ఆగిపోయిన ఇంట్లో ఆడాం. ముప్పై నలభై మంది చూస్తారు. ఒకరి నుంచి ఒకరికి ఫోన్‌లో తెలుస్తుంది.

మైకు లేకపోవడం మొదట్లో ఆదర్శం కాదు, అవసరం. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా లౌడ్‌స్పీకర్లు వాడకూడదని 2000 నాటి ధ్వని కాలుష్య నియమాలు చెప్తాయి. పండగలకు ప్రభుత్వం ఏడాదిలో కొన్ని రోజులు అర్ధరాత్రి దాకా సడలింపు ఇవ్వొచ్చు. తెల్లవార్లూ ఆడే వీధినాటకానికి అది ఏ మూలకు? మేళాలు ఆటను కుదించుకున్నాయి. మాకైతే పర్మిషన్ అడగడమే ఇబ్బంది, ఏం నాటకం అంటే ఏం చెప్పాలి? మైకు తీసేశాం. తీసేశాక తెలిసింది, గుసగుసలాడితే జనం ముందుకి జరుగుతారని. ఇప్పుడు మైకు ఇచ్చినా వద్దంటాం.

వేషం కట్టడానికి ఎంతసేపు పడుతుంది?

రెండు గంటలు. అందులో గంట ముఖానికే.

మా గురువులు అర్దళం రాసుకునేవాళ్లు, పసుపు రంగు రాయి, నూరి పూసుకోవాలి. ముఖం బంగారంలా మెరిసేది. అందులో విషం ఉంటుందని తర్వాత తెలిసింది. ఇప్పుడు పాన్‌కేక్. ముందు గడ్డం రెండుసార్లు గీసుకోవాలి, వెంట్రుకల వాటం ఒకసారి, ఎదురు ఒకసారి. నల్లటి నీడ ఇంకా కనబడుతుంది కాబట్టి దాని మీద ఎర్ర రంగు పలచగా వేసి, ఆ పైన పాన్‌కేక్ అద్దాలి. ఈ కిటుకు తెలియక కొత్తవాళ్లు తెల్లగా దట్టించి బూడిద గుమ్మడికాయలా తయారవుతారు.

జాకెట్టు దగ్గర నా వృత్తి పనికొచ్చింది. మగవాడి భుజం వెడల్పు, చంక లోతు. ఆడవాళ్ల కొలతకు కుట్టిన జాకెట్టు వేసుకుంటే చెయ్యెత్తగానే పిగిలిపోతుంది. నేను చంకలో పలకలాగా ఒక అతుకు వేస్తాను, ఏటవాలు గుడ్డతో. ఛాతీకి పూర్వం గుడ్డ ఉండలు పెట్టేవాళ్లు, నేను ఆవాలు నింపిన చిన్న సంచులు కుడతాను. బరువుంటాయి. బరువుంటే నడక దానంతట అదే మారుతుంది, నడుం తిప్పుతూ నటించాల్సిన పనిలేదు. తిప్పితే అది ఆడమనిషి కాదు, ఆడమనిషి మీద వెక్కిరింపు. ఈ తేడా తెలియనివాళ్లకు నేను వేషం నేర్పను.

చివర్లో గజ్జెలు. కట్టాక ఇక మాట్లాడను.

ఆడవాళ్లు ఉన్నారు కదా, ఆ వేషాలు వాళ్లకే ఇవ్వొచ్చు కదా?

ఇవ్వాలి. ఇందులో వాదన లేదు. ఒకప్పుడు ఆడవాళ్లను స్టేజీ ఎక్కనివ్వలేదు కాబట్టి మగవాళ్లు ఆ పాత్రల్లో రాణించారు. బాపట్లలో పుట్టిన స్థానం నరసింహారావు గారి సత్యభామను చూసి ఆడవాళ్లే నడక నేర్చుకున్నారని పెద్దలు చెప్పేవాళ్లు. 1956లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది. తులాభారం నాటకంలో సత్యభామ పాడే ప్రసిద్ధమైన పాటను ఆయనే రాసుకున్నారు. వేషం కట్టినవాడు కలం కూడా పట్టాలని నాకు ధైర్యం వచ్చింది అక్కడే. మన చిత్తూరు నాగయ్య గారు కూడా సినిమాలకు ముందు చిత్తూరు రామవిలాస సభ వాళ్ల సారంగధరలో చిత్రాంగి వేషం కట్టినవారే. పక్క కడప జిల్లాలో 1885లో కీచకవధతో మొదలైన సురభి వాళ్లు మాత్రం తమ ఇళ్ల ఆడవాళ్లను ముందునుంచే స్టేజీ ఎక్కించారు. అంటే కుదరక కాదన్నమాట, మిగతావాళ్లు కుదరనివ్వలేదు.

మా గుంపులో ఇద్దరు ఆడవాళ్లున్నారు. ఒకామె భీముడు.

మీ నాటకాలు దేని గురించి?

జాతర వారం తప్ప మిగతా యాభై ఒక్క వారాల గురించి. ఆ వారంలో చీర కట్టిన మగవాడికి దారి వదుల్తారు. తర్వాత అదే చీర తిట్టు అవుతుంది. "గాజులు తొడుక్కో పో" అంటారు.

ఎక్కువసార్లు ఆడింది బృహన్నల నాటకం. విరాటుడి కొలువులో ఏడాది పాటు ఆడపిల్లలకు ఆట నేర్పాడు అర్జునుడు. యుద్ధానికి రథం ఎక్కేటప్పుడు ఉత్తర ఏమడిగింది? కౌరవుల మంచి మంచి బట్టలు తెమ్మంది, తన బొమ్మలకు కట్టుకోవడానికి. తిక్కన గారు "బొమ్మపొత్తికలు" అంటారు. లోకమంతా యుద్ధం చూస్తుంటే ఆ పిల్లకు బొమ్మల బట్టలు కావాలి, ఆయన తెచ్చాడు కూడా. అజ్ఞాతవాసం అయిపోయాక మళ్లీ గాండీవం, మళ్లీ అర్జునుడు. విరాటుడు కూతుర్ని ఇస్తానంటే, నాకు బిడ్డ లాంటిదని చెప్పి కోడలిగా చేసుకున్నాడు. నా నాటకం ఆ మధ్యలో జరుగుతుంది, ఒక్క రాత్రి. గజ్జెలు విప్పాలా వద్దా అని ఆయన కూర్చుని ఉంటే, ఉత్తర వచ్చి "రేపు పాఠం ఉందా?" అని అడుగుతుంది.

ఇంకోటి తరిగొండ వెంగమాంబ గారి మీద. చిన్నతనంలోనే భర్త పోతే బొట్టు, జుట్టు తీయనివ్వని మనిషి, 18వ శతాబ్దంలో. యక్షగానాలు రాసింది. ఆమె పేరు మీద కొండ మీద ఏకాంతసేవలో ఇప్పటికీ ముత్యాలహారతి ఇస్తారు. ఆ నాటకంలో నాకు వేషం లేదు. ఆమె పాత్ర మగవాడు వేయకూడదనిపించింది. ఎందుకో సరిగ్గా చెప్పలేను.

బయటి దేశాల్లో ఇట్లాంటివాళ్లు ఉన్నారా?

బోలెడంత మంది. నాకు దగ్గరగా అనిపించేది న్యూయార్క్ చార్లెస్ లుడ్లమ్. 1967లో సొంత గుంపు పెట్టాడు. రాసేదీ, ఆడించేదీ, ముఖ్య పాత్ర వేసేదీ ఆయనే. తర్వాత్తర్వాత వాళ్ల థియేటర్ నిజంగానే నేలమాళిగలో ఉండేది, అక్షరాలా అండర్‌గ్రౌండ్. 1973లో క్షయతో చనిపోయే వేశ్య పాత్ర వేశాడు, గౌను పైన ఛాతీ వెంట్రుకలు కనబడుతుండగానే. జనం ముందు పగలబడి నవ్వి, చివర్లో ఏడ్చేవాళ్లట. నేను గంటసేపు గడ్డం నీడ దాచుకుంటుంటే ఆయన అస్సలు దాచలేదు. 1987లో ఎయిడ్స్‌తో పోయాడు, 44 ఏళ్లకు.

ఆయన సంగతి తెలిశాక ఒకసారి నేనూ మీసంతో బృహన్నల వేసి చూశాను. మొదటి పావుగంట జనం నవ్వారు. తర్వాత ఆగిపోయారు. నాకే భయమేసి మళ్లీ చేయలేదు.

గొడవలు జరగలేదా?

జరిగాయి. ఒక స్కూల్ వాళ్లు వార్షికోత్సవానికి పిలిచారు. వేషంతో గేటు దాకా పోయాక, ఎవరో పేరెంట్ ఫోన్ చేశారట, వద్దన్నారు. ఆటోవాడు వెళ్లిపోయాడు. మధ్యాహ్నం మూడింటికి పట్టుచీర, జడగంటలతో బస్టాపులో నలభై నిమిషాలు నిలబడ్డాను. ఎవరూ ఏమీ అనలేదు. పక్కన పూలమ్మే ఆమె మూర మల్లెపూలు ఇచ్చి డబ్బులు వద్దంది.

మిగతావి చెప్పుకోదగ్గవి కావు.

ఇంట్లో వాళ్లు ఏమంటారు?

నా భార్య పెళ్లిచూపుల్లో అడిగిన ఒకే ప్రశ్న, "నా చీరలు ముట్టుకుంటారా?" అని. ముట్టుకోనని మాటిచ్చాను. మొదటి ఏడాదే తప్పాను. ఇప్పుడు తనే చీర తీసుకునేటప్పుడు, "ఇది స్టేజీ మీద మెరుస్తుందా?" అని లైటు కింద తిప్పి చూస్తుంది. కొడుక్కి మాత్రం కాలేజీలో ఇబ్బందిగా ఉంటుంది. నాన్న ఏం చేస్తాడంటే టైలర్ అని చెప్తాడు. అబద్ధం కాదు కదా.

దీని మీద బతకొచ్చా?

లేదు. జాకెట్ల మీద బతుకుతాం. నాటకం అయ్యాక తువ్వాలు పరుస్తాం, వచ్చింది రంగులకూ ఆటో ఛార్జీలకూ సరిపోతే సంతోషం.

మీ నాటకం చూడాలంటే ఎట్లా?

చూసినవాళ్లు ఎవరైనా తీసుకురావాలి. కూర్చోడానికి చాప, నీళ్లు తెచ్చుకోండి. ఫోన్ ఆఫ్ చేయమని అడుగుతాం, మా వాళ్లలో ఇంట్లో చెప్పకుండా వచ్చేవాళ్లు ఉన్నారు.

బృహన్నల ఆడే రోజైతే ఇంట్లోంచి ఒక గుడ్డముక్క కూడా తీసుకురండి. పాత చీర, చినిగిన చొక్కా, ఏదైనా సరే, జానెడు చాలు. ఉత్తర కొంగు పట్టుకుని మీ దగ్గరికి వస్తుంది. మొదట్లో షాపులో మిగిలిన కటింగులే వాడేవాణ్ణి, తర్వాత చూసేవాళ్లనే తెమ్మంటున్నాం. పోయినసారి ఒక పెద్దాయన పంచె అంచు తెచ్చాడు, చించడానికి చేతులు రాక పళ్లతో పట్టుకుని చింపి వేశాడు. ఆ ముక్కలన్నీ కుట్టి బొమ్మలకు బట్టలు చేశాను. పదకొండు బొమ్మలయ్యాయి, షాపులో అద్దం పక్కన వేలాడదీసి ఉంటాయి.